ఆయన అంటారు, ఈమె అంటుంది

మా ఇంట్లో మర్యాదలు తక్కువ. అమ్మ వచ్చింది, నాన్న వచ్చాడు, పిన్ని వెళ్ళింది అంటాం. 'వచ్చారు' అన్న మాట కరెంటు మీటరు చూసే మనిషికి మాత్రం వాడతాం. పక్కింటి పిల్లలు వాళ్ళ నాన్నని 'మీరు' అనీ, అమ్మని 'నువ్వు' అనీ పిలుస్తుంటే, అదేం లెక్కని చిన్నప్పుడు అమ్మని అడిగాను. "వాళ్ళింట్లో మర్యాద కొంచెమే ఉన్నట్టుంది, ఒకరికే సరిపోయింది," అంది. నాన్న కుట్టుమిషను ఆపి మరీ నవ్వాడు.

నాన్న ఇంట్లోనే బట్టలు కుడతాడు. వంట కూడా నాన్నదే. అమ్మ అంబులెన్సు నడుపుతుంది. ఏ సందులో దూరితే ఆసుపత్రి వెనక గేటు తగులుతుందో అమ్మకి కళ్ళు మూసుకున్నా తెలుసు. ఉప్పు ఏ డబ్బాలో ఉంటుందో మాత్రం పెళ్ళయినప్పటినుంచీ అడుగుతూనే ఉంది.

ఇక నేను. ఫోనులో జనం ఫిర్యాదులు వినే ఉద్యోగం. పొద్దస్తమానం అండీ అండీ అంటూ తిట్లు తింటాను. గొడవ ఎంత ముదిరితే మేం అంత మర్యాద పెంచాలని మాకు నేర్పిస్తారు. అందుకే నాకు 'అండీ' మీద పెద్ద నమ్మకం లేదు. ఎవరైనా ఉన్నట్టుండి నన్ను గౌరవించడం మొదలుపెడితే ఏదో తేడా వచ్చిందనుకుంటాను.

పిన్ని అమ్మకి చెల్లెలు. టీవీలో వస్తుంది, కానీ మొహం కనపడదు, గొంతే. అడవిలో ఏనుగుల గురించీ, సముద్రం మీద వంతెనల గురించీ, కిడ్నీలో రాళ్ళ గురించీ చూపించే కార్యక్రమాల్లో వెనకనుంచి చెప్పే గొంతు ఆమెది. కిడ్నీలో రాయి కూడా ఆ గొంతులో ముద్దుగా ఉంటుంది. పిన్నికి అక్షరాలు దిద్దించింది అమ్మే. "మింగకుండా గట్టిగా చదవవే" అని పక్కన కూర్చుని బెత్తం ఊపేదట. ఏది చెబితే అది తిరిగి చెప్పేదని అప్పుడే చిలక అని పేరు పెట్టింది.

పిన్ని గొంతు టీవీలో ఎప్పుడు వచ్చినా, అయిపోగానే అమ్మ ఫోను చేసేది. "ఒసే చిలకా, బాగా చదివావే!" అంతే, పెట్టేసేది. బండిలో పేషెంటు ఉంటే, దింపాక చేసేది. ఆ ఫోను వచ్చేదాకా పిన్నికి ముద్ద దిగేది కాదు. ఎంతమంది మెచ్చుకున్నా ఆ ఒక్క మాట కోసం కాచుకుని కూర్చునేది.

అంబులెన్సుల మీద కార్యక్రమం తీస్తున్నారని తెలిసినప్పుడు, "ఆడ డ్రైవరు ఎవరైనా ఉంటే బాగుండు" అని వాళ్ళు అనుకోవడం, "మా అక్క ఉంది" అని పిన్ని ఎగిరి గంతెయ్యడం రెండూ ఒకేసారి జరిగాయి. అక్క ఊరందరికీ కనపడబోతోందని పిన్నికి నేల మీద కాలు నిలవలేదు. ఆ ఎగిరిన కాలు ఎవరైనా పట్టుకుని ఆపి ఉంటే ఎంత బాగుండేదో అని ఇప్పుడు అనుకుంటాను.

కెమెరావాళ్ళు ముందు అంబులెన్సు స్టేషనుకి వెళ్ళారు. అక్కడ అమ్మతోపాటు ఇంకో డ్రైవరు ఉన్నాడు. ఆయన బ్రేకు వేస్తే వెనక స్ట్రెచరు ముందుకొచ్చి పలకరిస్తుందని అందరూ బ్రేకుల బాబాయి అంటారు. ఉద్యోగంలో అమ్మకంటే బాగా చిన్న. చేరినప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని దారులన్నీ చూపించింది అమ్మే. అమ్మని అక్కా అంటాడు. డైరెక్టరు ఆయన్ని బండి గురించీ, రద్దీలో సైరను గురించీ, వేగం గురించీ అడిగాడు. టైర్లు తడుతుండగా తీశాడు. అమ్మ దగ్గరికొచ్చి, "భయం వెయ్యదామ్మా? ఇంట్లో ఒప్పుకున్నారా? పిల్లలు బెంగపెట్టుకోరా?" అని అడిగాడు. ఆ బెంగపెట్టుకోవాల్సిన పసిదాన్ని నేనే. అప్పటికి ఆఫీసులో ప్రమోషను కోసం కొట్టుకుంటున్నాను.

తర్వాత మా ఇంటికొచ్చారు. అమ్మని వంటింట్లో తీస్తామన్నారు.

"వంట మా ఆయన చేస్తాడండీ. ఆయన్ని తియ్యండి, బాగా చేస్తాడు," అంది అమ్మ.

"నిజమేనమ్మా, కానీ చూసేవాళ్ళు నమ్మరు," అన్నాడు డైరెక్టరు. "మీరు ఊరికే ఏదో ఒకటి కలుపుతూ ఉండండి."

ఉన్నది ఉన్నట్టు చూపించే కార్యక్రమమట, ఉన్నది చూపిస్తే నమ్మరట! నాకు ఒళ్ళు మండింది. అమ్మ మాత్రం, "పోనీలేవే, చిలక మాట పోకూడదు," అని ఒక గిన్నె తీసి స్టవ్వు మీద పెట్టింది. గిన్నెలో ఏమీ లేదు. చేతికందిన గరిటె తీసుకుని కలపడం మొదలుపెట్టింది. తలుపు చాటునుంచి నాన్న తల బాదుకుంటున్నాడు. "అది చిల్లుల గరిటె! దాంతో ఏం కలుపుతావే!" అని గుసగుసగా అరిచాడు. కెమెరా పట్టుకున్న మనిషికి కూడా నవ్వాగలేదు.

కొన్నాళ్ళకి పిన్ని చదవాల్సిన స్క్రిప్టు పట్టుకుని వచ్చింది. చదివేముందు పెన్సిలుతో దిద్దుకోవడం పిన్నికి అలవాటు. 'శ'కి 'స' పడినా, ఒత్తు జారినా ఊరుకోదు. "అందరివీ దిద్దేశాను. నీ పేజీలు మాత్రం నీకు చదివి వినిపించాలక్కా," అని, ఎప్పట్లాగే నేలమీద కూర్చుని అమ్మ మోకాళ్ళకి వీపు ఆనించింది. చదివింది.

"తెల్లవారకముందే ఆమె బండి తీస్తుంది. భయమా, అదేంటి అని నవ్వుతుంది. స్టీరింగు పట్టిన చేతుల్తోనే ఇంటికొచ్చి గరిటె పడుతుంది…"

"ఆ గరిటె నాది," అన్నాడు నాన్న మిషను మీంచి.

అందరం నవ్వాం. పిన్ని గొంతులో కూడా ఆ నవ్వు ఉంది, చదువుతున్నంతసేపూ. అమ్మ కళ్ళు మూసుకుని వింది. చివర్లో పిన్ని నెత్తిన ఒక మొట్టికాయ వేసి, "బాగా చదువుతున్నావే," అంది. మాలో ఒక్కరికీ ఏమీ తట్టలేదు.

కార్యక్రమం వచ్చే రోజు నాకు సెలవు. నాన్నకి కుట్టాల్సిన బట్టలుండి ఇంట్లోనే చూస్తానన్నాడు. నేను అమ్మతో స్టేషనుకి వెళ్ళాను. డ్రైవర్లు పడుకునే గదిలో, బీరువా మీద ఒక పాత టీవీ ఉంది. మంచాల మీద, బల్లల మీద ఎక్కడ దొరికితే అక్కడ కూర్చున్నారు అందరూ. అమ్మకి మధ్యలో కుర్చీ వేశారు.

ముందు డాక్టరు వచ్చాడు. "మొదటి గంట ఎంత ముఖ్యమో డాక్టరుగారు వివరిస్తున్నారు," అంది పిన్ని గొంతు. తర్వాత బ్రేకుల బాబాయి టైరు తడుతూ వచ్చాడు. "ఎన్నో ఏళ్ళుగా ఆయన ఈ వాహనం నడుపుతున్నారు. రోడ్డే నాకు బడి అంటారు ఆయన." ఆ తర్వాత అమ్మ. "ఈమె కూడా అంబులెన్సు నడుపుతుంది. నాకు భయం లేదంటుంది."

బ్రేకుల బాబాయి మంచం మీంచి ఎగిరి దూకాడు. "అక్కా, విన్నావా? మీ చెల్లెలు నన్ను ఆయన అంది! మా ఆవిడ కూడా ఎప్పుడూ అనలేదు!"

గది గొల్లుమంది. "మరి అక్క?" అన్నారు ఎవరో. "అక్క ఈమె. ఈమె కూడా," అన్నాడు బాబాయి. పాపం, ఆయనకేం తెలుసు, ఆటపట్టించాడంతే. ఇక అక్కణ్ణించి అదొక ఆటైపోయింది. టీవీలో 'అంటారు' అన్నప్పుడల్లా అందరూ బాబాయికి సలాం కొట్టారు. 'అంటుంది' అన్నప్పుడల్లా అమ్మవైపు తిరిగి చప్పట్లు కొట్టారు. అమ్మా నవ్వింది. నేను అమ్మనే చూస్తున్నాను కాబట్టి ఆ నవ్వు ఎక్కడ ఆగిపోయిందో నాకు తెలుసు. వంటిల్లు వచ్చింది. ఖాళీ గిన్నె, చిల్లుల గరిటె, పిన్ని తేనె గొంతు. "స్టీరింగు పట్టిన చేతుల్తోనే…" అమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుని, వాటివైపే చూస్తూ కూర్చుంది.

అయిపోయింది. అమ్మ ఫోను చేస్తుందని ఆ గదిలో అందరికీ తెలుసు. అమ్మ చెయ్యలేదు. కాసేపటికి ఆగలేక పిన్నే చేసింది. ఫోను మోగుతుంటే అమ్మ దాన్ని బోర్లా పెట్టింది. "డ్యూటీ ఉంది," అని బండి దగ్గరికి వెళ్ళిపోయింది.

ఒక్క కార్యక్రమం, వచ్చింది, పోయింది, అనుకుని మరిచిపోయేవాళ్ళమేమో. కానీ ఆ వారంలోనే స్టేషనులో కొత్త డ్రైవరు ఒకతను చేరాడు. బ్రేకుల బాబాయి దగ్గరికెళ్ళి, "సార్, టీవీలో చూశాను మిమ్మల్ని. నాకు దారులు మీరే నేర్పాలి," అన్నాడట. అమ్మవైపు తిరిగి, "ఏమ్మా, నువ్వు కూడా నడుపుతావంటగా?" అన్నాడట. బాబాయి సిగ్గుపడి, "ఒరే, నాకు నేర్పింది ఆవిడే" అన్నా అతనికి ఎక్కలేదు. ఇంటికొచ్చి అమ్మ ఇది చెప్పి, అన్నం సగంలో లేచి చెయ్యి కడుక్కుంది. ఎవరో ఏదో అంటే అన్నం వదిలేసే మనిషి కాదు మా అమ్మ. నాకు భయం వేసింది.

పిన్ని నాకు ఫోను చేసింది. "అక్క ఎత్తడం లేదేంటే? ఒంట్లో బాగాలేదా?" అంది. "ఇంటికి రా పిన్నీ," అన్నాను. ఫోనులో చెప్పే విషయం కాదనిపించింది.

వచ్చింది. ఎప్పట్లాగే గుమ్మంలో చెప్పులు విసిరేసి, నీళ్ళ కోసం నేరుగా వంటింట్లోకి వెళ్ళబోయింది.

"రండి. కూర్చోండి," అంది అమ్మ.

పిన్ని పకపకా నవ్వింది. "చిత్తం అక్కగారూ! టీవీలో కనపడ్డాక మీకు మర్యాదలు ఎక్కువయ్యాయండీ!"

అమ్మ నవ్వలేదు. నీళ్ళగ్లాసు చిన్న పళ్ళెంలో పెట్టి తెచ్చి బల్ల మీద ఉంచింది. మా ఇంట్లో పళ్ళెంలో పెట్టి నీళ్ళిచ్చేది మీటరు మనిషికే. పిన్ని ఆ పళ్ళెం చూసి, నావైపు చూసింది.

"అక్కా, నేనేం చేశానో చెప్పు. కొట్టు, తిట్టు. ఇలా మాట్లాడకు."

"మీరేం చేశారండీ? రాసింది చదివారు."

నేనే చెప్పాల్సి వచ్చింది. "డాక్టరు వివరించారు పిన్నీ. బ్రేకుల బాబాయి అంటారు. అమ్మ అంటుంది."

పిన్నికి వెంటనే అర్థం కాలేదు. పెదవులు కదిపింది. తను చదివినవన్నీ లోలోపల మళ్ళీ చదువుకుంటోందని నాకు తెలుస్తూనే ఉంది. ఒకచోట ఆగింది. అలాగే వెనక్కి జరిగి నాన్న మిషను దగ్గర స్టూలు మీద కూలబడింది.

"నాకు వినపడలేదక్కా. ఒట్టు. నేను నిన్ను అలాగే అంటాను కదా. అక్క వచ్చింది, అక్క తిట్టింది, అక్క అన్నం పెట్టింది. నా నోట్లో నువ్వెప్పుడూ అంతే. ఒత్తులన్నీ వెతికి వెతికి దిద్దాను. అది తప్పని నాకు తట్టనే లేదు."

"నా పేజీలు చదివినప్పుడు నాకూ తట్టలేదు," అంది అమ్మ. "ఇక్కడ, నా కాళ్ళ దగ్గర కూర్చుని చదివితే అది ముద్దుగానే ఉంది. కానీ మిగతా పేజీలు నేను వినలేదు. నువ్వు చదివావు కదే! డాక్టరుని ఒకలాగా, ఆ బ్రేకులోణ్ణి ఒకలాగా చదివి, ఆ వెంటనే నన్ను ఇంకోలాగా చదివావు. ఒక్కచోటైనా నాలుక తడబడలేదా?"

'చదివావు కదే' అన్నచోట పిన్ని మొహంలోకి ప్రాణం వచ్చింది. అమ్మ అది చూసింది. చూసి, మాట మార్చింది.

"బయటివాళ్ళు అంటే నాకు లెక్కలేదండీ. రోజూ వినేదే, దులిపేసుకుని పోతాను. కానీ నేను చదువు నేర్పిన గొంతుతో విన్నాను. ఊరంతా వింది. అది నాకు చాలా కష్టంగా ఉంది."

పిన్ని ఏడ్చింది. నాన్న టీ పెట్టుకొచ్చి, "చాల్లేవే, తెలియక చేసింది. ఒక్కసారి ఒసే అను, పీడా పోతుంది," అన్నాడు.

అమ్మ టీ గ్లాసు తీసుకుని పక్కన పెట్టింది. "అనాలనే ఉంది. నోరు రావడం లేదు, ఏం చెయ్యను?" అంది. ఆ మాట కోపంగా అని ఉంటే బాగుండేది. కోపమైతే తగ్గుతుందని ఆశ ఉండేది.

మర్నాడే పిన్ని చానెల్‌కి వెళ్ళింది. స్క్రిప్టు రాసినతను, "ఆమె అంటుంది అంటే మనింటి మనిషిలా దగ్గరగా ఉంటుంది మేడమ్," అన్నాడట.

"మరి డాక్టరు ఎవరింటి మనిషి?" అంది పిన్ని.

చానెల్లో పెద్దాయన సర్దిచెప్పబోయాడట. అందరూ ఇలాగే రాస్తారు, ఇన్నేళ్ళలో ఒక్క ఫిర్యాదు రాలేదు అని. ఫిర్యాదులు వినే ఉద్యోగం నాది, నాకు తెలుసు. గుండెకి తగిలినవాళ్ళు ఫోను చెయ్యరు. అమ్మ చేసిందా? పిన్ని మాత్రం పట్టు వదల్లేదు. ఇది మార్చకపోతే ఆ కార్యక్రమంలో ఇంకా రావాల్సిన భాగాలు చదవనంది. గొంతు మధ్యలో మారిపోతే బాగోదని, మళ్ళీ ప్రసారం చేసేటప్పుడు కొత్తగా చదివించడానికి వాళ్ళు ఒప్పుకున్నారు. బొమ్మ మాత్రం మార్చరట. చిల్లుల గరిటె ఉంటుంది, దాని మీద మాట తీసేసి సంగీతం పెడతారట.

ఆ రోజుల్లో పిన్ని నాకు ఫోను చేసి చదివి వినిపించేది. "'ఆవిడ నడుపుతారు' అన్నచోట గొంతు పట్టేస్తోందే. ఎవరి గురించో చెబుతున్నట్టుంది. మా అక్క కళ్ళముందుకి రావడం లేదు," అనేది. నేను, "బాగుంది పిన్నీ, అలాగే చదువు," అనేదాన్ని. ఇంకేం అనాలో నాకు తెలియలేదు.

మళ్ళీ ప్రసారమైన రోజు పిన్ని మా ఇంటికే వచ్చింది. గుమ్మంలో చెప్పులు పక్కపక్కన పెట్టింది. నేలమీద అమ్మ కాళ్ళ దగ్గర కూర్చోకుండా తలుపు దగ్గర కుర్చీలో కూర్చుంది. నాన్న మిషను ఆపేసి టీవీ పెట్టాడు.

డాక్టరుగారు వివరించారు. బాబాయి నడుపుతున్నారు. ఆ తర్వాత అమ్మ. 'కూడా' లేదు. "పాతికేళ్ళకు పైగా ఆవిడ అంబులెన్సు నడుపుతున్నారు. ఈ స్టేషనులో చాలామందికి దారులు నేర్పింది ఆవిడే. భయమా, అదేంటి అని నవ్వుతారు." ఒక్క అక్షరం పొల్లుపోలేదు, ఒక్క ఒత్తు జారలేదు. స్టేషనులో కొత్త డ్రైవరు ఇది విని ఉంటే బాగుండునని ఆశపడ్డాను. కానీ మొదటిసారి చదివినప్పుడు ఆ గొంతులో నేలమీద కూర్చుని నవ్విన చెల్లెలు ఉంది. ఈసారి లేదు. అక్కగా ప్రేమా, డ్రైవరుగా గౌరవమూ ఒక్క మనిషికి ఒక్క మాటలో ఎందుకు ఇవ్వలేమో నాకు అర్థం కాలేదు. దుఃఖం ముంచుకొచ్చింది.

వంటిల్లు వచ్చింది. మాట లేదు, సంగీతం వచ్చింది. అమ్మ గరిటె తిప్పుతూనే ఉంది. అయిపోయింది. నాన్న టీవీ కట్టేశాడు.

పిన్ని కుర్చీలో ముందుకు జరిగింది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, బెత్తం ముందు పాఠం ఒప్పజెప్పినదానిలా అమ్మ మొహంలోకే చూస్తోంది. అమ్మ కళ్ళు తుడుచుకుంది. చెల్లెలివైపు తిరిగింది. నోరు తెరిచింది. పెదవులు గుండ్రంగా చుట్టుకున్నాయి. ఒసే అనబోతోందని నేను ఇప్పటికీ ఒట్టేసి చెప్పగలను.

"బాగా చదివారండీ," అంది అమ్మ.